ఖాళీగా ఉన్న గీత

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకి గీతలు గీయడం రాదు.

తాగరు, చెయ్యెత్తరు, జీతం తెచ్చి అలమారలో పెట్టి తాళంచెవి నాకే ఇస్తారు. తడి తువ్వాలు మంచం మీద పడేస్తారు గానీ, దాన్ని కూడా ఫిర్యాదు కింద రాసుకుంటూ పోతే ఏ ఆడదానికీ కాగితాలు చాలవు. అలాంటి బంగారం లాంటి మనిషి గీసిన గీత ఇంకో గీతని తొక్కకుండా ఎప్పుడూ ఇల్లు చేరలేదు. పోనీ గీయడం రాకపోతే కొంపేం మునిగిందని ఊరుకుందామంటే, ఆయన ఉద్యోగమే అది. కరెంటాఫీసులో ప్లానింగ్ ఇంజనీరు. ఊరికి కరెంటు ఏ వైపు నుంచి వస్తుంది, ఏ సబ్‌స్టేషన్లో దిగుతుంది, ఏ వీధులు తిరిగి ఎవరింట్లో మిక్సీ తిప్పుతుంది, ఇదంతా కంప్యూటర్లో ఒక బొమ్మగా ఉంటుంది. సబ్‌స్టేషనైనా, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరైనా ఒక చుక్క. రెండిటి మధ్య తీగ ఉంటే ఒక గీత. అలాంటి చుక్కలు వేలు, గీతలు వేలు. ఆయన దాన్ని తెరిచారంటే తెరంతా పిల్లి ఆడుకుని వదిలేసిన ఊలు ఉండలా ఉండేది.

"నాన్న ఏం గీస్తున్నారమ్మా?" అని మా పాప ఒకసారి అడిగింది.

"తుపాను" అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ మధ్య వాళ్ళ కంట్రోల్ రూములో గోడకి పెద్ద తెర పెట్టించారు. పెద్ద సారు ఈయన్ని పిలిచి, "ఊరి కరెంటంతా ఒక్క చూపులో కనపడాలయ్యా. నాక్కూడా అర్థమవ్వాలి" అన్నారట. మొదటిదెలాగైనా చేయొచ్చు, రెండోదే కష్టమని ఈయన ఇంటికొచ్చి వాపోయారు. వారం రోజులు అన్నం బల్ల మీద లాప్‌టాప్ తెరుచుకుని, రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నారు. ఎదురుగా నేను బీన్స్ ఈనెలు తీసుకుంటూ కూర్చున్నాను. మౌస్ బాణం అటు పోతోంది, ఇటు పోతోంది, పెళ్ళిపందిట్లో తప్పిపోయిన పిల్లాడిలా తిరుగుతోంది. ఒక రోజు ఇక చూడలేక, బీన్స్ బుట్ట ఆయన వైపు తోసి, లాప్‌టాప్ నా వైపు లాక్కున్నాను. ఆయన ఈనెలు కూడా సరిగ్గా తియ్యలేదు, అది వేరే సంగతి.

నేనూ ఇదే చదువు చదివాను. ఆయన కంటే బాగానే చదివాను. ఆ మాట మా ఇంట్లో ఎవరూ కాదనరు, అలాగని ఎవరూ అనరు కూడా. పాప పుట్టే దాకా నేనూ ఉద్యోగం చేశాను. "ఒక ఇంటికి ఒక కరెంటు ఉద్యోగం చాలదా? ఇద్దరూ చేస్తే షాక్ కొడుతుందే" అన్నారు మా అత్తగారు. "ఒక్క ఏడాది మానెయ్, ఆ తర్వాత నీ ఇష్టం" అన్నారు ఈయన. పాప ఇప్పుడు తన జడ తనే వేసుకుంటోంది. ఆ ఏడాది ఇంకా నడుస్తోంది.

ఆ బొమ్మతో గడిపిన రోజులు నాకెంత బాగున్నాయో చెప్తే ఎవరైనా నవ్వుతారు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక తమాషా ఉంది. చుక్కలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి, గీతలేమో దగ్గరికి లాక్కుంటాయి. కాసేపు ఆ తోపులాట జరిగి, చివరికి ఎక్కడివక్కడ సర్దుకుంటాయి. ఉమ్మడి కాపురం చేసిన దాన్ని, నాకు వేరే చెప్పాలా? తర్వాత చిక్కు తగ్గించడం. ఒకే తీగ మీద వరసగా ఉన్న ఆరేడు ట్రాన్స్‌ఫార్మర్లని కలిపి ఒకే చుక్క చేసెయ్యొచ్చు, వాటి బరువంతా ఆ ఒక్క చుక్క మొయ్యాలి. లెక్క తేడా రాకూడదు, బొమ్మ మాత్రం చిన్నదవ్వాలి. పొద్దున్న అందరూ వెళ్ళిపోయాక, గిన్నెలు తోముకోవడానికీ బట్టలు ఆరెయ్యడానికీ మధ్యలో కూర్చుని, ఊరిని మడతలు పెట్టేదాన్ని. సాయంత్రానికి ఇంకొన్ని వీధులు చక్కబడేవి. ఇంట్లో మడత పెట్టిన బట్టలు మర్నాటికి మళ్ళీ నలిగి వస్తాయి. ఈ మడత నలగలేదు. పొద్దున్న లేచి చూస్తే నిన్న ఎలా పెట్టానో అలాగే ఉండేది. అది చాలు నాకు, ప్రాణం లేచి వచ్చేది.

అన్నీ అయ్యాక ఇంకా ఏదో గజిబిజి మిగిలింది. చూస్తే, సన్నగా, బూడిద రంగులో కొన్ని గీతలు. ఒక వీధి చివరి నుంచి ఇంకో వీధి చివరికి అడ్డదిడ్డంగా పోతున్నాయి. వాటిలో కరెంటు ప్రవాహం సున్నా. ఏడాదంతా సున్నాయే. అవేమిటో నాకు తెలియక కాదు. పెద్ద లైను పాడైనప్పుడో, మరమ్మతుకి ఆపినప్పుడో కలపడానికి ఉంచే రెండో దారి తీగలవి. మామూలు రోజుల్లో స్విచ్ తెరిచి ఉంటుంది, ఏమీ పారదు. అన్నీ తెలుసు. అయినా, సున్నా ప్రవాహం ఉన్న గీతల్ని దాచు అని సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి ఉంది. దాని మీద టిక్ పెట్టాను. గజిబిజంతా ఒక్కసారిగా పోయింది. బొమ్మ మల్లెపువ్వులా తెల్లగా, విడివిడిగా, కళ్ళు తిప్పుకోలేనంత అందంగా వచ్చింది. తర్వాత వాటిని చుక్కల గీతల్లో వేరేగా చూపిద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత రాలేదు. పాలు పొంగాయనో, అత్తగారు పిలిచారనో చెప్పుకోవచ్చు. ఈ ఇంట్లో ఆడదాని తప్పులన్నిటికీ పాలే సాక్ష్యం. కానీ ఆ రోజు పాలు పొంగలేదు, ఎవరూ పిలవలేదు. బొమ్మ అందంగా ఉంది, అంతే. అందాన్ని చెడగొట్టుకోవడం ఇష్టం లేక వదిలేశాను.

బొమ్మ ఆఫీసుకి వెళ్ళింది. పెద్ద సారు చూసి చప్పట్లు కొట్టారట. "ఇన్నాళ్ళూ ఈ తెలివంతా ఎక్కడ దాచావయ్యా?" అని ఈయన భుజం తట్టారట. నెలాఖరు మీటింగులో ఈయనకి ఒక గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. తెచ్చి నాకే ఇచ్చారు, ఆయన మనసు మంచిదే. "ఎక్కడ పెడదాం?" అన్నారు. వంటింట్లో మేకు ఖాళీగా ఉంది, అక్కడే తగిలించాం. మా అత్తగారు వచ్చిన వాళ్ళందరినీ వంటింట్లోకి తీసుకొచ్చి మరీ చూపించేవారు. "మా వాడు ఊరి కరెంటంతా ఒక్క కాగితం మీదకి తెచ్చాడు" అనేవారు. నేను ఆ గడియారం కిందే నిలబడి వచ్చిన వాళ్ళకి టీ కలిపేదాన్ని. నాకు కోపం వచ్చిందా అంటే, రాలేదు. లోపల కాస్త నవ్వు వచ్చేది. దొంగ ముద్ద తిన్న పిల్లలా ఉండేది నాకు, కడుపు నిండింది, ఎవరికీ తెలియదు.

ఇక మా అత్తగారికి ఒక అలవాటుంది. ప్రతి బుధవారం ఆవిడ చెల్లెలింటికి వెళతారు. అక్కడ పాత అపార్టుమెంట్లో నాలుగో అంతస్తు. "దాని మోకాళ్ళకి నూనె రాసి వస్తా" అని చెప్పి వెళతారు. ఆవిడ సంచిలో ఉండేది నూనె కాదు, పేక ముక్కలు. అక్కాచెల్లెళ్ళిద్దరూ సాయంత్రం దాకా పేకాడుకుంటారు. నాకు తెలుసని ఆవిడకి తెలుసు. మా ఇద్దరి మధ్య ఆ మాత్రం మర్యాద ఉంది.

ఆ బుధవారం పొద్దున్న, చిన్నత్తగారుండే వీధికి వెళ్ళే పెద్ద లైను ఆపారు, చెట్ల కొమ్మలు కొట్టడానికి. ఆపిన సమయానికి మా అత్తగారు లిఫ్టులో, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఉన్నారు. అక్కడివాళ్ళు కరెంటాఫీసుకి ఫోన్ చేశారు. కంట్రోల్ రూములో మనిషి గోడ మీది తెర చూసి, నేను గీసిన అందమైన బొమ్మ చూసి, "ఆ వీధికి ఒకటే దారండీ. లైను మీద మనుషులున్నారు. సాయంత్రం దాకా రాదు" అని చెప్పాడు. ఎవరో తలుపులు ఊడదీసే మెకానిక్‌ని వెతికి తెచ్చి, స్టూలు వేసి ఆవిణ్ణి కిందికి దింపేసరికి మధ్యాహ్నం దాటింది.

చిన్నత్తగారు నాకు ఫోన్ చేసినప్పుడు నేను దుప్పట్లు ఉతుకుతున్నాను. ఆవిడ "ఒకటే దారట" అన్న మాట నా చెవిలో పడగానే ఉతుకుడు ఆపేశాను. ఒకటే దారి కాదు. ఆ వీధి నాకు గుర్తుంది. ఎడమ వైపు, పార్కు పక్కన, పావడా అంచు నుంచి ఊడిన దారంలా వేలాడుతున్న బూడిద గీత. చిన్న స్విచ్ కలిపితే పక్క వీధి నుంచి కరెంటు వచ్చేది. నేనే, నా చేత్తో, ఊడిన దారం కత్తిరించినట్టు కత్తిరించాను.

ఆవిణ్ణి ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. దారంతా ఆవిడ నన్నే చూస్తూ కూర్చున్నారు. ఇంటికొచ్చాక మంచినీళ్ళు తాగి, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పారు.

"చీకటే అమ్మాయ్. నా చెయ్యి నాకు కనపడలేదు. ముందు వాణ్ణి పిలుద్దామనుకున్నా. వాడు ఆఫీసు పనిలో ఉంటాడు కదా అనిపించింది. అందుకని నిన్నే పిలిచా. చాలాసేపు పిలిచా. ఎటూ నువ్వు ఖాళీగానే ఉంటావు కదా అని."

ఆ మాట ఆవిడ దెప్పడానికి అనలేదు. మా ఇంట్లో అది దెప్పడానికి అనే మాట కాదు, నా చిరునామా. "మా ఆవిడ ఖాళీయే, బ్యాంకుకి తను వెళుతుంది." "వదిన ఖాళీయే కదా, పిల్లల్ని అక్కడ దించేస్తా." "నువ్వు ఖాళీయేగా, నాతో డాక్టర్ దగ్గరికి రా." ఎవరి లైను ఆగినా కలపడానికి పక్కన ఒకత్తి ఉండాలి, మిగతా రోజుల్లో దానిలో ఏమీ పారుతున్నట్టు కనపడకూడదు. ఇన్నేళ్ళు ఆ మాట పడిన దాన్ని, ఖాళీగా ఉన్న గీత కనపడగానే ఎందుకిది, చూడ్డానికి బాలేదు అని తీసి పారేశాను. వేరే ఎవరైనా తీసుంటే బోలెడు తిట్టేదాన్ని. నన్ను నేను తిట్టుకోవడానికి మాటలు దొరకలేదు.

దొరక్క, సేవ మొదలుపెట్టాను. ఆవిడకి కాళ్ళు పట్టాను, అడగకుండా టీ ఇచ్చాను, ఆవిడ చూసే సీరియల్ పక్కన కూర్చుని నేనూ చూశాను. ఆవిడ గదిలో దీపం ఆర్పనిచ్చేవారు కాదు, స్నానాల గది తలుపు గడియ పెట్టుకునేవారు కాదు. మళ్ళీ బుధవారం వచ్చింది, వెళ్ళలేదు. "దాని మోకాళ్ళు బాగానే ఉన్నాయిలే" అన్నారు. సోఫాలో కూర్చుని ఒక్కరే పేక ముక్కలు పరుచుకుని ఆడుకున్నారు. ఆవిడకి ఉన్నదల్లా ఆ ఒక్క బుధవారం. అది నేను మింగేశాను.

మూడో కప్పు టీ ఇచ్చినప్పుడు ఆవిడ కళ్ళద్దాల మీంచి నన్ను చూశారు. "ఏం చేశావే?"

"ఏం చెయ్యలేదత్తయ్యా."

"ఇంత సేవ ఊరికే పుట్టదు. ఏదో చేసుంటావు. పాడైపోయిందేదో చెప్పు. గ్రైండరా?"

గ్రైండరైనా బాగుండేది.

ఆ సాయంత్రం ఈయన ఇంటికి రాగానే చెప్పాను. "ఆ రెండో దారి నేనే తీసేశాను, తప్పు నాది" అన్నాను. ఈయనకి అప్పటికే తెలుసు. ఆ వీధి వాళ్ళు ఆఫీసుకొచ్చి, పోయినేడు ఇదే లైను ఆపినప్పుడు పక్క వీధి నుంచి ఇచ్చారుగా, ఈసారేమొచ్చింది అని నిలదీశారట. పెద్ద సారు పాత బొమ్మ తెరిపించి చూశారట. గీత ఉంది. కొత్త బొమ్మలో లేదు. విచారణ మొదలైంది. కొత్త బొమ్మని కంట్రోల్ రూములో ఎక్కించింది ఎవరు? ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి. ఎక్కించే ముందు పాత బొమ్మతో సరిచూశానని సంతకం పెట్టాల్సింది కూడా ఆ అమ్మాయే. పెట్టింది. ఎందుకు పెట్టిందంటే, ఈయన "నేను చూశాను, ఎక్కించెయ్" అన్నారు కాబట్టి. చూడకుండానే చూశానని ఈయనెందుకన్నారంటే, నేను గీశాను కాబట్టి. ఇప్పుడు ఆ కొత్తమ్మాయి సంజాయిషీ రాసివ్వాలి. ఈ నెలలో ఉద్యోగం ఖాయం కావలసింది ఆగిపోయింది. బహుశా పోతుంది కూడా.

"అయ్యో, మరి చెప్పండి, తప్పు ఆ పిల్లది కాదని" అన్నాను.

"ఏమని చెప్పను? మా ఆవిడ గీసిందనా?"

"అదే."

ఈయన నా పక్కన కూర్చుని, కోపంగా కాదు, ఎంతో ఓదార్పుగా అన్నారు. "చూడు, నువ్వెందుకు బాధపడతావు? నువ్వు అసలు ఆ ఆఫీసులోనే లేవు. లేని మనిషి తప్పెలా చేస్తుంది? నువ్వు హాయిగా ఉండు. ఆ పిల్ల చిన్నది, ఇంకో చోట దొరుకుతుంది."

ఆ రాత్రి పడుకుని ఆ మాట గురించే ఆలోచించాను. మెప్పు నాకు రాకపోతే నేనేమీ అనుకోలేదు, గడియారం కింద నిలబడి నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు తప్పు కూడా నాది కాదట. పోనీ అది తేలికే కదా అంటారేమో. కాదు. మెప్పు లేకుండా బతకొచ్చు. చేసిన తప్పుని కింద పెట్టడానికి చోటు లేకపోతే మోస్తూనే ఉండాలి. వంటింట్లోకి మోసుకెళ్ళాలి, స్నానానికి మోసుకెళ్ళాలి, ఆవిడ పేక ముక్కల పక్కన కూర్చున్నప్పుడూ ఒళ్ళోనే పెట్టుకోవాలి. పైగా ఈ బరువు నాది, పడింది ఇంకో ఆడపిల్ల నెత్తి మీద.

మర్నాడు ఆ టిక్ తీసేశాను. దాచిన గీతలన్నిటినీ వెనక్కి పిలిచి, ఒక్కొక్కదాన్నీ ఎర్రటి చుక్కల గీతగా వేశాను. మునుపటి అందం పోయింది. తెరంతా కుట్లు పడిన చీరలా ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఈయన చేతికివ్వబోయాను. ఈయన తీసుకోలేదు. "ఇప్పుడు సరిచేసింది పట్టుకెళితే, తప్పుది మన దగ్గర్నుంచే వచ్చిందని ఒప్పుకున్నట్టు. విచారణ అవ్వనీ" అన్నారు. పెన్‌డ్రైవ్ పోపుల పెట్టెలో పెట్టాను. అంతకంటే భద్రమైన చోటు మా ఇంట్లో లేదు. దాన్ని నేను తప్ప ఎవరూ తెరవరు.

ఆదివారం మధ్యాహ్నం కొత్తమ్మాయే మా ఇంటికొచ్చింది. చెప్పులు గుమ్మం బయటే జాగ్రత్తగా జతగా పెట్టి, లోపలికొచ్చి, "నమస్తే ఆంటీ, సారున్నారా?" అంది. మనిషి బక్కగా, భుజానికి పెద్ద సంచీ, కళ్ళ కింద నలుపు. నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. నేను బల్ల దగ్గర పిండి కలుపుతున్నాను. ఈయన బనీను మీద చొక్కా వేసుకుంటూ గదిలోంచి వచ్చారు. మా అత్తగారు సోఫాలో పేక ముక్కలతో ఉన్నారు.

"సార్, రేపు సంజాయిషీ ఇవ్వాలి" అందా అమ్మాయి. "నా తప్పేనని రాసేస్తా సార్, ఇంట్లో కూడా చెప్పేశా. కానీ ఆ గీత ఎలా మాయమైందో నాకు నిజంగా అర్థం కాలేదు. చూపిస్తే, తెలుసుకుని రాస్తాను. తెలియకుండా ఒప్పుకుంటే ఏదోలా ఉంది."

ఈయన లాప్‌టాప్ తెరిచారు. బాణం ఎడమ వైపు పోయింది. ఒక పట్టీ తెరిచి మూశారు. ఇంకోటి తెరిచారు. "ఇక్కడే ఎక్కడో..." అన్నారు. మళ్ళీ మూశారు. అమ్మాయి ఓపిగ్గా చూస్తోంది. ఆ ఓపిక నాకు తెలిసినదే. తప్పిపోయిన పిల్లాడు మళ్ళీ పందిరంతా తిరుగుతున్నాడు. నా చేతుల నిండా పిండి. ఊరుకో, ఊరుకో అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

"కుడి వైపు, పైన" అన్నాను. "చూపించు అని ఉంటుంది. దాని కింద చివరి గడి, టిక్ తీసెయ్యండి."

ఈయన బాణం అక్కడికి వెళ్ళింది. గీతలన్నీ ఒక్కసారి తెర మీదికొచ్చాయి.

అమ్మాయి తెర వైపు చూడలేదు. నా వైపు చూసింది. "మీకెలా తెలుసు ఆంటీ?"

"అదా, తను ఖాళీ అయినప్పుడు సరదాకి చూస్తుంటుందిలే" అన్నారు ఈయన.

"సరదాకి కాదు" అన్నాను.  "బొమ్మంతా నేను గీసిందే అమ్మా. ఆ టిక్ పెట్టింది నేను. అవి ఏ గీతలో తెలిసే పెట్టాను. నీ తప్పేం లేదు."

 సోఫా దగ్గర పేక ముక్క ఒకటి కింద పడింది.  అమ్మాయి సంచీలోంచి కాగితం తీసి, పెన్ను మూత తీసి, చాలా బుద్ధిగా అడిగింది. "మేడం, అయితే ఇందులో మీ గురించి ఏమని రాయాలి? మీ హోదా ఏంటి?"

ఆంటీ కాస్తా మేడం అయ్యింది. ఈయన సీలింగ్ ఫ్యాన్ చూశారు.

మా అత్తగారు లేచి, బల్ల దగ్గరికొచ్చి, నా పక్కన నిలబడ్డారు. "అంటే నన్ను లిఫ్టులో పెట్టింది నువ్వా?"

"నేనే అత్తయ్యా."

ఆవిడ నన్ను చూశారు. ఎంతసేపు చూశారో, నాకు మాత్రం ఆ లిఫ్టులో నేనున్నట్టే ఉంది. తర్వాత మెల్లగా కొడుకు వైపు తిరిగారు.

"మరి ఆ గడియారం నీకెందుకిచ్చార్రా?"

"అమ్మా, అదీ..."

"బొమ్మ దానిది. టిక్కు దానిది. చివాట్లు ఈ పిల్లవి. గడియారం నీదా? నేనేమో దాన్ని అందరికీ చూపించుకుంటూ తిరిగా!" ఆవిడ వేలితో ఫోన్ చూపించారు. "ఫోన్ చెయ్ మీ పెద్ద సారుకి. పైకి వినపడేట్టు పెట్టు."

ఈయన ముఖం చూస్తే జాలేసింది. చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకీ కథే ఉండేది కాదు. ఫోన్ తీశారు, బల్ల మీద పెట్టారు. పెద్ద సారు ఎత్తారు. వెనకాల టీవీ మోగుతోంది.

"సార్, ఆదివారం పూట... క్షమించాలి. ఆ విచారణ గురించి సార్. తప్పు ఆ అమ్మాయిది కాదు సార్." ఈయన నా వైపు చూశారు. తర్వాత ఛాతీ కాస్త ముందుకొచ్చింది. "తప్పు నాది సార్. ఆ గీతలు తీసేసింది నేనే. సరిచూశానని ఆ అమ్మాయికి చెప్పింది కూడా నేనే."

అవతల టీవీ ఆగింది. "శభాష్!" అన్నారు పెద్ద సారు. "ఈ రోజుల్లో ఇలా ఒప్పుకునే మనిషేడయ్యా? కింద వాళ్ళ మీదకి తోసేసేవాళ్ళే అంతా. నీలాంటివాళ్ళుండబట్టే డిపార్ట్‌మెంటు నడుస్తోంది. ఆ పిల్లని కంగారు పడొద్దను, దాని ఉద్యోగానికొచ్చిన ఢోకా ఏం లేదు. నీ సంగతి నేను చూసుకుంటా, పొరపాట్లు ఎవరు చెయ్యరు?"

కొత్తమ్మాయి సంచీ గుండెకి అదుముకుని, కుర్చీలో వెనక్కి వాలింది. కళ్ళు తుడుచుకుంది. పోవలసిన ఉద్యోగం పోలేదు. ఈయన పెదాల మీద చిన్న నవ్వు, గడియారం తెచ్చిన రోజు నవ్వు లాంటిదే. అందరికీ మంచే జరిగింది. నాక్కూడా జరిగినట్టే, దించుకోవాలనుకున్న బరువు ఆయన దించేశారు. దించి, చక్కగా మడత పెట్టి, తన జేబులో పెట్టుకున్నారు. నా బొమ్మకి గడియారం వచ్చింది, నా తప్పుకి శభాష్ వచ్చింది. ఇంకేం మిగిలిందని నా దగ్గర? మా అత్తగారు ఈయన్ని చూడటం లేదు. నన్నే చూస్తున్నారు. ఆ రోజు ఆటోలో ఎలా చూశారో అలా.

"అన్నట్టు" అన్నారు పెద్ద సారు, "ఇలా మాయమైన లైన్లు ఇంకా ఉన్నాయా? రేపు పొద్దున్నే కాలవ అవతలి లైను ఆపుతున్నాం. దానికి రెండో దారుందా లేదా? ఈ పాత బొమ్మ చూస్తే నాకు పిచ్చెక్కుతోంది. నువ్వు గీసినవాడివి కదా, నోటికే వచ్చుంటుంది, చెప్పు."

ఈయన నవ్వు ఆగిపోయింది. ఫోన్ మీద అరచెయ్యి మూసి నా వైపు వంగారు. "ఉందా? చెప్పు, చెప్పు. మెల్లగా చెప్పు, నేను చెప్తా."

ఉంది. పాత రైసు మిల్లు వెనక నుంచి వస్తుంది. రేపు ఆపే లైను మీద చిన్న ఆసుపత్రి కూడా ఉంది. నాకు కళ్ళు మూసుకున్నా కనపడుతుంది. గుసగుసగా చెప్తే ఆయన గట్టిగా చెప్తారు, ఎప్పటిలాగే. ఎవరికీ ఏ లోటూ రాదు. పిండి చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాను, ఆయన కుర్చీ మీద పడేసిన ఆ తడి తువ్వాలుకే. పోపుల పెట్టెలోంచి పెన్‌డ్రైవ్ తీసి కొత్తమ్మాయి ముందు పెట్టాను. ఫోన్ మీదున్న ఆయన చేతిని, వేలు తర్వాత వేలు, మెల్లగా పక్కకి తీశాను.

"ఏమయ్యా? లైన్లో ఉన్నావా?" అంటున్నారు పెద్ద సారు.

"ఉన్నాను సార్" అన్నాను. "కాలవ అవతలికి రెండో దారి ఉంది, ఎక్కడో చెప్తాను, రాసుకోండి. ముందు ఒక్క మాట. మా ఆయన్ని మెచ్చుకోకండి. ఆ తప్పు చెయ్యడం ఆయనకి రాదు సార్. అది నేను చేశాను."